నాలుగు బారల తాడు

పెద్ద వరద వెళ్ళిన తర్వాత మూడో ఏడు అది. మా ఊరి లెక్కలో ఏడాదికి వేరే పేరు లేదు. పిల్లవాడి వయసు అడిగినా, గోడ వయసు అడిగినా, వరదకు ముందా తర్వాతా అనే చెబుతారు.

శనివారం మధ్యాహ్నం. కోడలు పెరట్లో నిలబడి తాడు కొలుస్తోంది.

"ఒకటి," అంది, చేతులు బారచాపి. ఏడో నెల కడుపు మీదుగా తాడు జారింది. "రెండు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో, తోముతున్న గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

"మూడు."

నేను గంట పక్కన కూర్చుని ఉన్నాను. చేతిలో ఇటుక పొడి, తడిగుడ్డ. గంటకు ఒకవైపు మెరుపు వచ్చింది. రెండో వైపు ఇంకా బురద రంగే.

"నాలుగు." ఆమె చేతికి కొసన ఉన్న ముడి తగిలింది. పిడికిలంత ముడి. "నాలుగు బారలు. మా నాన్న ఇచ్చింది నాలుగు బారలే, మామయ్యా."

నేను గుడ్డ పిండాను.

అది మా యేసయ్య గుడి చిన్న గంట. వరదలో కొట్టుకుపోయింది. మొన్న గురువారం ఏటి ఇసుక తవ్వే లారీవాళ్ళకు దొరికితే, తెచ్చి మా పెరటి గుమ్మం ముందు దించారు. గంటలు మోగించేవాణ్ణి నేనే కాబట్టి శుభ్రం చెయ్యడం కూడా నా పనే. లోపల బంకమట్టి గట్టిగా కూరుకుపోయి ఉంది. కోడలు గరిటెతో గీకి తీస్తుంటే మట్టితో పాటు తాడు బయటికి వచ్చింది. వరద సుడి దాన్ని చుట్టచుట్టి గంటలోకి తోసింది. మట్టి దాన్ని కాపాడింది. ఒక కొస ఇంకా గంట నాలుకకే కట్టి ఉంది. రెండో కొసన చేత్తో పట్టుకునే ముడి. మధ్యలో ఒక్క చోట కూడా తెగలేదు.

తాడు పొడవునా ఒక నీలం పోగు కనిపిస్తోంది. మా వియ్యంకుడు పేనే ప్రతి తాడులోనూ ఒక నీలం పోగు వేసేవాడు. అది ఆయన సంతకం.

"ఇంకే తాడో అయ్యుంటుందిలే," అంది మా ఆవిడ.

"ఈ ముడి కూడా మా నాన్నదే అత్తయ్యా. నాకు తెలియదా? పాలు మానకముందే ఈ ముళ్ళు నోట్లో పెట్టుకుని ఆడుకున్నాను."

"ఎండలో నిలబడకు. లోపలికి రా."

"తాడు తెగింది, అందుకే చిన్న గంట మోగలేదు అన్నారు. మూడేళ్ళుగా అదే మాట. మా నాన్న తాళ్ళు పేనే చక్రం తిప్పడం మానేశాడు. తన తాడే తన పెళ్ళాన్నీ, కొడుకునీ, మొత్తం పదిహేడు మందినీ చంపిందని తలకెక్కించుకున్నాడు." ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇది తెగలేదు మామయ్యా. మరి గంట ఎందుకు మోగలేదు?"

నేను ఇటుక పొడి అద్ది, గంట రెండో వైపు రుద్దడం మొదలుపెట్టాను.

మా గుడికి రెండు గంటలు. మా మెట్ట వీధికి పెద్దది, గోపురంలో. కోడలి పుట్టింటివాళ్ళ పల్లపు వీధికి చిన్నది, గుడి వెనక వాలులో రెండు కొయ్య స్తంభాల మధ్య. పల్లంవాళ్ళ తాతలు ఎప్పుడో ఓడల్లో పనికి వచ్చారు. రంగు మాకంటే బాగా నలుపు, జుట్టు ఉంగరాలు. దేవుడు ఒక్కడే, గంటలు మాత్రం రెండు. ఆరాధనకైనా, పెళ్ళికైనా, చావుకైనా ఎవరి గంట వాళ్ళకే. పెద్ద గంట మోగితే పల్లంవాళ్ళు కదలరు. కదిలి పైకి వస్తే ఏమంటారో వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు కొత్త పాస్టరుగారు వచ్చి బెంచీలు కలిపారు. రెండు వీధులవాళ్ళనూ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. మధ్యలో మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ యేసయ్య కోసమని మా అబ్బాయి నవ్వుతాడు. రేపు ఆదివారం ఐక్యత ఆరాధన. చిన్న గంటను కూడా గోపురంలోకి ఎక్కించి, రెండూ కలిపి మోగించాలట. మోగించేది నేను.

వరద వెళ్ళినప్పటి నుంచి ఆ చిన్న గంట నాకు వినిపిస్తూనే ఉంది. బకెట్లో నీళ్ళు నిండుతుంటే వినిపిస్తుంది. భోజనం దగ్గర ముద్ద సగం దాకా ఎత్తి ఆగిపోతాను. "మళ్ళీనా?" అంటుంది మా ఆవిడ. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటాను.

గురువారం అది ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి వినిపించడం మానేసింది. అదే ఇంకా భయంగా ఉంది. ఏళ్ళ తరబడి పిలిచిన మనిషి చివరికి ఇంటికే వచ్చి, గుమ్మంలో కూర్చుని ఏమీ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఆ రోజు పెద్ద గంట మాకు వినబడింది," అంది కోడలు. గొంతు తగ్గించింది. "మీ వీధిలో ఎవరో పోయారనుకున్నాం. మా అమ్మ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మోకాళ్ళూని, మీ వీధిలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసింది. నీళ్ళు గడప దాటేదాకా చేసింది మామయ్యా."

మా ఆవిడ చేతిలో గిన్నె జారి చప్టా మీద పడింది.

వీధి తలుపు చప్పుడైంది. "గంటాయనా!" అని కేక.

గొడుగాయన. మా సంఘపెద్ద. వరద తర్వాత ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. మా ఆవిడ గబగబా గోనెపట్టా తెచ్చి గంట మీద కప్పేసింది, తాడుతో సహా. కోడలు ఆమె వంక చూసింది. చూసి, గోడకు ఆనుకుని నిలబడింది.

"రండి పెద్దాయనా," అంది మా ఆవిడ. "గొడుగు దేనికి, మబ్బు కూడా లేదుగా?"

"మబ్బు చెప్పి వస్తుందా అమ్మా?" ఆయన అరుగు మీద కూర్చున్నాడు. చంకలోంచి పసుపు రంగు నైలాను తాడు చుట్ట తీసి నా ముందు పెట్టాడు. "కొత్తది. ఏనుగును కట్టినా తెగదు. సాయంత్రంలోగా కట్టెయ్యి. అవునూ, దాంట్లో పాత తాడేమైనా దొరికిందా?"

"తాడా?" అంది మా ఆవిడ. "మూడేళ్ళు బురదలో ఉంటే పీచైనా మిగులుతుందా?"

"అదే నేనూ అనుకున్నా."

కోడలు వచ్చి గోనెపట్టా లాగేసింది.

గొడుగాయన తాడు వంక చూశాడు. నీలం పోగు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ముడి ఊడి ఉంటుందమ్మా," అన్నాడు.

"ముడి ఇదిగో, ఊడలేదు. అప్పుడు తెగిందన్నారు, ఇప్పుడు ఊడిందంటున్నారు. రేపు ఏమంటారు పెద్దాయనా?"

"రేపు అందరం కలిసి దేవుణ్ణి స్తుతిస్తాం తల్లీ. నీలాంటి పిల్ల ఈ ఇంటికి కోడలుగా వచ్చిందంటే ఎంత దూరం వచ్చామో చూడు. కలిసి ఉండాలంటే కొన్ని కప్పెట్టుకోవాలి."

"దీన్నీ కప్పెట్టారు. పైకి వచ్చింది."

అప్పుడే మావాడు పెంకుల బట్టీ నుంచి వచ్చాడు. కనుబొమల దాకా ఎర్రదుమ్ము. "ఏంటి, అందరూ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు?" అని నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి ఆపేశాడు. ఆమె తాడు ఎత్తి చూపించింది. వాడు దాన్ని చేత్తో తడుముతూ కొస దాకా వెళ్ళాడు.

"నాన్నా, ఇది తెగలేదేంటి?"

నేను గంట రుద్దుతున్నాను.

"నిన్నే నాన్నా. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"వాణ్ణి వదిలెయ్యరా," అన్నాడు గొడుగాయన లేస్తూ. "మీ నాన్న మంచివాడు. మాట్లాడడు, అంతే." గుమ్మం వైపు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి నా చెవి దగ్గర వంగాడు. నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "నాకు మాత్రం నిద్ర పడుతోందనుకున్నావా? ఆ పాత తాడు కోసి పొయ్యిలో పెట్టు. పదిహేడు మంది తిరిగి రారు. ఉన్నవాళ్ళు కొట్టుకు చస్తారు."

గొడుగు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

కోడలు నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ కడుపుతో కూర్చోవడం ఆమెకు కష్టం. "మామయ్యా, మీరు మాట్లాడరని నాకు తెలుసు. మాట అక్కర్లేదు. తాడు తెగిందా? తల ఊపండి చాలు."

వరద తీశాక సంఘం కూడినప్పుడు గొడుగాయన లేచి, "చిన్న గంట తాడు తెగిపోయింది, పాపం, ఏం చేస్తాడు," అన్నాడు. అన్నాక నా వైపు చూశాడు. అందరూ చూశారు. నేను తల ఊపాను. నా బతుకులో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. నోటితో కూడా ఆడలేదు.

ఆ రోజు ఊపిన తల ఇప్పుడు కదల్లేదు.

"సరే," అంది కోడలు. "పొద్దున మా నాన్నని ఇక్కడికి తీసుకొచ్చి దీన్ని చూపిస్తాను. మీరు చెప్పినా చెప్పకపోయినా. తర్వాత నేను ఈ ఇంట్లో ఉంటానో లేదో, నా బిడ్డ ఇక్కడ పుడుతుందో లేదో, అది మీ నోట్లో ఉంది."

మావాడు ఆమెకు చెయ్యి అందించి లేపాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పెట్టె లాగిన చప్పుడు వినిపించింది.

మా ఆవిడ నా పక్కన కూర్చుంది. ఈ పిల్ల కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆవిడ ఆమెకు వేరే గ్లాసు పెట్టింది. ఆరు నెలలు అది గూట్లో విడిగా ఉంది. ఒకరోజు చూస్తే మా ఆవిడే దాంట్లో కాఫీ తాగుతోంది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే దువ్వెన.

"ఆ రోజు నేనూ గుడిలోనే ఉన్నాను," అంది. "నువ్వు వెనక తలుపు దాకా వెళ్ళడం చూశాను. తిరిగి రావడమూ చూశాను. నేనేమైనా అన్నానా?"

నేను ఆమె వంక చూశాను. మూడేళ్ళలో ఈ మాట మా మధ్య రాలేదు.

"మూడేళ్ళు నోరు మూసుకున్నావు. ఇంకో రోజు మూసుకో. నిజం తెలిస్తే పిల్ల వెళ్ళిపోతుందయ్యా." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలేలోపు పల్లపు వీధికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను.

వియ్యంకుడు తన పాకలో ఉన్నాడు. ఒకప్పుడు తాళ్ళు పేనే పాక అది. చక్రం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆయన ఇప్పుడు గోదాములో బస్తాలకు కుట్లు వేస్తాడు. కూర్చుని ఉన్నా చేతులు మాత్రం ఊరుకోవు. తొడ మీద పీచు పేనుతూ ఉంటాడు.

"రండి బావగారూ," అని చాప దులిపాడు. "పిల్ల కులాసానా?"

తల ఊపాను.

ఆయన జానెడు పేని, రెండు కొసలూ పట్టుకుని లాగి చూశాడు. తెగలేదు. విప్పేశాడు. మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు.

"రోజూ ఇదే పని నాకు," అన్నాడు. "ఏ పోగు దగ్గర చెయ్యి వదిలానా అని. ఆ తాడు పేనిన రోజు చిన్నవాడికి జ్వరం. మనసు ఇంటి మీద ఉందేమో. అక్కడే ఎక్కడో లోపం పడింది." నవ్వబోయాడు. "రేపటికి కొన్న తాడే కట్టండి. నా చేతిది వద్దు. స్తంభాల దగ్గర నా తాడు ముక్క ఏదైనా మిగిలి ఉంటే కాల్చెయ్యండి బావగారూ."

చాప అంచున లేచిన పుల్ల ఒకటి పీకాను.

"ఒకటి అడగనా? ఎన్నాళ్ళ నుంచో అడుగుదామని. ఆ రోజు ఎంత గట్టిగా లాగారు?"

నేను చక్రం మీద దుప్పటి వంక చూశాను.

"తెగేదాకా లాగారంటే, మా కోసం ఎంత గట్టిగా లాగి ఉంటారు! పైవీధిలో మా కోసం అలా లాగినవాడు ఒక్కడున్నాడు. అది తలుచుకునే పిల్లని మీ ఇంటికి ఇచ్చాను."

నేను లేచి వచ్చేశాను. చెప్పులు ఆయన గుమ్మంలోనే మర్చిపోయాను.

ఆ రోజు జరిగింది ఇంతే. మధ్యాహ్నం ఏటిగట్టు తెగింది. గుడి ఒక్కటే ఎత్తు మీద ఉంది. పెద్ద గంట లాగాను. మెట్ట వీధి మొత్తం పరుగెత్తి వచ్చింది. తర్వాత చిన్న గంట దగ్గరికి బయలుదేరాను. గోపురం నుంచి అక్కడికి నలభై అడుగులు. వెనక తలుపులో గొడుగాయన నిలబడి ఉన్నాడు. "ముందు మనవాళ్ళు కుదురుకోనీ. తర్వాత కొడుదువుగాని," అన్నాడు. లోపల సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. అది నేను చూశాను. చూసి ఆగాను. ఆయన నన్ను పట్టుకోలేదు, తొయ్యలేదు. ఒక్క మాట అన్నాడు, అంతే. తర్వాత అనేది రాలేదు. నీళ్ళు వచ్చాయి, స్తంభాలు కదిలాయి, గంట తనంతట తానే కాసేపు మోగి మునిగిపోయింది. నాకు వినిపించేది ఆ మోతే.

అప్పటి నుంచి గుడిలో పంచే ప్రభువు రొట్టె ముట్టలేదు. గంట దగ్గర పనుందని తప్పించుకుంటూ వచ్చాను. పెళ్ళికి సరేనన్నప్పుడు అందరూ నన్ను విశాల హృదయం అన్నారు. ఎందుకు సరేనన్నానో దేవుడికి తెలుసు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు.

తెల్లవారగానే నేను తోపుడుబండి తెచ్చి గంటను దాని మీదికి ఎక్కించబోయాను. లేవలేదు. మావాడు లోపలి నుంచి వచ్చాడు. నాతో మాట్లాడలేదు. రెండో వైపు పట్టుకున్నాడు. నైలాను తాడు అరుగు మీదే వదిలేశాను.

వీధి చివర గుడి వైపు తిరగాలి. నేను బండిని పల్లం వైపు తిప్పాను. బరువు కాస్త తగ్గినట్టయింది. పక్కకు చూస్తే మా ఆవిడ.

"మీ ఇద్దరే తోస్తే నడుం పట్టేస్తుంది," అంది.

కోడలు మాకంటే ముందే వెళ్ళింది. తండ్రి గుమ్మంలో సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. మావాడూ నేనూ గంటను పాక ముందు దూలానికి వేలాడదీశాం, మనిషి తల ఎత్తులో. తాడు నేల మీద పరుచుకుంది.

కొస ముడి పట్టుకున్నాను. లాగాను.

మూడేళ్ళ తర్వాత మోగింది. నా చెవిలో కాదు, బయట. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. పిండి చేతులతో ఒకామె, సగం గడ్డం గీసుకున్న ఒకాయన. ఆ రోజు లాగాల్సినంత సేపు లాగాను. మెట్ట వీధి నుంచి కూడా జనం దిగి వచ్చారు. ఆ ఆదివారం పెద్ద గంట మోగలేదు. మోగించేవాడు పల్లంలో ఉన్నాడు. వాళ్ళలో గొడుగు కూడా కనిపించింది.

వియ్యంకుడు లోపలి నుంచి వచ్చి, తాడులో నీలం పోగు చూసి ఆగిపోయాడు.

"కొలవండి బావగారూ," అన్నాను.

ఆయన ముడి పట్టుకుని చేతులు చాపాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో బారకు ఆయన చెయ్యి గంట నాలుకకు తగిలింది. చిన్న చప్పుడైంది.

"ఇది తెగలేదే," అన్నాడు.

"తెగలేదు. నేను లాగలేదు."

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, అందరికీ వినబడేలా. "తాడు బాగుంది. నేనే లాగలేదు."

"ఎవరు ఆపారు మామయ్యా?" అంది కోడలు. జనం వెనక గొడుగు నేలకు తగిలిన చప్పుడైంది.

నేను అటు చూడలేదు. "ఆపినవాడు తన సంగతి తానే చెప్పుకుంటాడు," అన్నాను. "చేతులు నావి."

వియ్యంకుడు నా వంక చూడలేదు. తాడును రెండు చేతులకూ చుట్టుకుని గట్టిగా లాగి చూశాడు. గంట మోగింది. ఇంకా గట్టిగా లాగాడు. దూలం కిర్రుమంది, తాడు నిలిచింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ.

పదిహేడు దాటినా ఆయన ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు. ఆపాక నాతో ఏమంటాడో తెలియదు. కోడలి సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది. దాని పక్కన, ఎవరో తుడిచి పెట్టిన నా చెప్పులు ఉన్నాయి.

నేను వాటి దగ్గరికి వెళ్ళలేదు. ఎండ పైకి వస్తోంది. వట్టి కాళ్ళతో అక్కడే నిలబడ్డాను.